పేకముక్కలూ, నా లెక్కల పుస్తకమూ



మొన్న కుమార పూర్ణిమ రాత్రి పిల్లల ప్రసాదాలూ అవీ అయ్యాక, మన ఒడియా ఇరుగుపొరుగుల ఆనవాయితీ ప్రకారం మనవాళ్లూ పేక తీశారు. డబ్బుల్లేని ఆటే. ఒకాయన వరసగా మూడు షోలు చూపించేసరికి పక్కనున్న పెద్దాయన "పేకాట పుట్టుకతో రావాలండీ, నేర్చుకుంటే వచ్చేది కాదు" అన్నారు. ఇంకొకరు "అదేం కాదు, ఆడగా ఆడగా అదే వస్తుంది" అన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు. ఒకప్పుడు నేను బాగా ఆడేవాణ్ణని పాతవాళ్లకు తెలుసు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఊరుకోవడానికి కారణం ఉంది. ఆ మాటలు వింటూ తలుపు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. వాడి గురించి ఇక్కడ రాస్తున్నాను. ముందు వాడికి చదివి వినిపించి, సరే అన్నాకే పెడుతున్నాను. పేరు రాయను. ఎవరో మీకు తెలిసినా దయచేసి కామెంట్లలో రాయకండి.

ముందు నా సంగతి.

1986లో నేను బరంపురం బుకింగ్ ఆఫీసుకు వచ్చాను. అప్పటికి ఇది సౌత్ ఈస్టర్న్ రైల్వే. కాట్పాడిలో తమిళ మీడియంలో చదివినవాణ్ణి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లమే గాని అక్షరాలు రావు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస బోర్డులు కూడబలుక్కుని తెలుగు చదవడం నేర్చుకున్నాను. ఇప్పటికీ లెక్క మాత్రం తమిళంలోనే. నోట్లు లెక్కపెట్టినా, ముక్కలు లెక్కపెట్టినా లోపల "ఒణ్ణు, రెణ్డు, మూణు" అనే నడుస్తుంది.

అప్పట్లో అట్టముక్క టికెట్లు. తేదీ మిషన్‌లో దూర్చి ఖట్‌మని కొట్టి ఇవ్వాలి. కిటికీ బయట యాభై చేతులు. మూడు నెలలకు ఛత్రపురం, రంభ, బాలుగావ్, ఖుర్దారోడ్ రేట్లు నోటికొచ్చాయి. ఏడాదికి చిల్లర చూడకుండానే వేళ్లు ఏరి ఇచ్చేవి. చూసినవాళ్లు "మీ చేతిలోనే ఉందండీ ఆ పని" అనేవాళ్లు. చేతిలో ఏమీ లేదు. మొదటి ఏడాది నగదు తక్కువపడిన ప్రతిసారీ జేబులోంచి కట్టిన డబ్బు ఉంది. అంతే.

స్టేషన్‌కు కాస్త దూరంలో ఒక అద్దె ఇంటి అరుగు మీద ఆదివారాలు రమ్మీ నడిచేది. పదమూడు ముక్కలు, రెండు కట్టలు, పాయింటుకు పది పైసలు. ఫుల్ కౌంటు పడితే ఎనిమిది రూపాయలు. అక్కడ ఒక గార్డుగారు ఉండేవారు. ఆయన ఎప్పుడూ గెలిచి లేచేవారని పేరు. "ఆయన చేతిలో లక్ష్మి ఉంది" అనేవాళ్లు. ఆయన పక్కన కూచుంటే ముక్క పడుతుందని చోటు కోసం కీచులాడుకునేవాళ్లు కూడా ఉండేవారు.

నేను ఆరు నెలలు ఓడాక ఒకరోజు సిగ్గు విడిచి అడిగాను, నేర్పమని. ఆయన పదమూడు ముక్కలు పంచి నా ముందు పరిచారు. పది లెక్కపెట్టేలోపు చూడమని, తిరగేసి, చెప్పమన్నారు. ఆరు చెప్పాను. "పదమూడూ వచ్చేవరకు రాకు" అన్నారు. అంతే పాఠం. ఇంట్లో మా ఆవిడ పప్పు ఏరుకుంటూ ఉంటే నేను ముక్కలు పరుచుకుని కూచునేవాణ్ణి. నెలన్నర పట్టింది. తర్వాతి పాఠం కింద పడ్డ ముక్కలు. ప్రతి ముక్కా రెండే ఉంటాయి. ఇస్పేటు ఏడు రెండూ కిందికి వెళ్లిపోయాక దాని కోసం ఆరూ ఎనిమిదీ పట్టుకు కూచునేవాడు మూర్ఖుడు. వినడానికి ఎంత తేలిక! కాని టీ గ్లాసు అందుకుంటూ, ఎవరిదో మాట వింటూ, అయిదుగురు పారేసిన ముక్కలు గుర్తుపెట్టుకోవడానికి నాకు ఏడాది పైన పట్టింది.

మన గంజాం పల్లెల్లో ముసలివాళ్లు గంజపా ఆడటం మీలో కొందరు చూసే ఉంటారు. గుండ్రటి ముక్కలు, పర్లాకిమిడి చిత్రకారులు రంగులు వేసినవి. ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు, మొత్తం 96. ఏ ముక్క వెళ్లింది, ఏది మిగిలింది అనే గుర్తు మీదే ఆట. బడి ముఖం చూడని తాతలు అవన్నీ బుర్రలో పెట్టుకుని ఆడేవారు. వాళ్లందరూ పుట్టుమేధావులని ఎవరూ అనలేదు. అరుగు మీద చిన్నప్పటి నుంచీ కూచున్నారు, వచ్చింది.

గార్డుగారి మూడో పాఠమే అసలుది. స్కూటు. ముక్కలు బాగులేకపోతే మొదట్లోనే ఇరవై ఇచ్చి పడేయడం. ఆయన పది చేతుల్లో నాలుగు పడేసేవారు. మేం అదే చూసి "ఈయనకు ధైర్యం తక్కువ" అని నవ్వుకునేవాళ్లం. నవ్వుకుంటూ ఎనభైలు ఇచ్చుకునేవాళ్లం.

నాతో పాటు ఇంకో క్లర్కు కూడా ఆయన దగ్గర నేర్చుకున్నాడు. అతని గుర్తు ముందు నాది దేనికీ పనికిరాదు. ఆట అయ్యాక ఎవరు ఏ ముక్క ఎన్నో వంతులో పారేశారో అప్పజెప్పేవాడు. పుట్టుకతో వచ్చింది అంటే అదే. కాని అతను స్కూటు వేయలేకపోయేవాడు. రెండు జోకర్లు లేకపోయినా, నేచురల్ దరిదాపుల్లో లేకపోయినా "ఒక్క ముక్క చూద్దాం" అనేవాడు. వరసగా రెండు ఓడితే చెవులు ఎర్రబడేవి, మూడోది ఇంకా గట్టిగా ఆడేవాడు. మా ఇద్దరిలో ఎక్కువ ఓడింది అతనే. కాబట్టి ఆ పెద్దాయన మాట నేను పూర్తిగా కొట్టెయ్యను. పుట్టుకతో వచ్చేది ఉంది. అది మనం అనుకున్నచోట లేదేమో. గార్డుగారికి కోపం రాకపోవడం పుట్టుకా, ముప్ఫై ఏళ్లు రాత్రిళ్లు ఒంటరిగా గూడ్సు బండి వెనక కూచోవడం వల్ల వచ్చిందా? ఆయన్నే అడిగితే "నాకేం తెలుసు" అన్నారు.

1989 నుంచి నేను ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టాను. క్లర్కు బుద్ధి. తేదీ, ఎవరెవరు కూచున్నారు, ఎవరికి ఎంత, చివర నా మొత్తం. 1996 వరకు రాశాను. ఏడేళ్లలో నా మిగులు 11,460 రూపాయలు. మధ్యలో పాయింటు పావలా అయింది లెండి. ఆ అంకె చూసుకుని ఎంత గర్వపడ్డానో చెప్పను. అందరూ గెలిచామనే అంటారు, నా దగ్గర కాగితం ఉంది మరి.

ఆ గర్వం పోయిన రోజు చెప్తాను. ఒక సోమవారం పొద్దున కిటికీ దగ్గరకు ఒక ఆవిడ ఇద్దరు పిల్లలతో వచ్చి ఇచ్ఛాపురానికి టికెట్లు అడిగింది. చిల్లర లెక్కపెడుతూ నా ముఖం చూసి ఆగిపోయింది. "ఆదివారం ఆటలో పుస్తకం రాసేది మీరే కదా బాబూ?" అంది. అవునన్నాను. "మా ఇంటాయనది అందులో ఎంతుందో చెప్తారా? ఇంట్లో అడిగితే గెలిచాననే అంటాడు."

వెనక లైను ఉంది. తర్వాత చెప్తానమ్మా అని టికెట్లు ఇచ్చి పంపేశాను.

ఆ రాత్రి మొదటిసారి పుస్తకాన్ని మనిషి వారీగా కూడాను. అంతవరకు నా మొత్తమే కూడుకున్నాను గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడలేదు. నా 11,460లో సగం పైన, 6,100 దాకా, ఆ ఒక్క మనిషివే. ఆయన మా ఆటలో అందరికంటే చిన్న జీతగాడు. మూడు నాలుగు నెలల జీతం అది. గార్డుగారితో నా లెక్క చూస్తే నేనే ఓడాను. నాలాగే నేర్చుకున్నవాళ్లతో సరికి సరి. అంటే నా ఏడేళ్ల నైపుణ్యం సగం పైన, ఎదురుగా ఎవరు కూచున్నారన్నదే.

ఆయనకు చెప్పాను, పుస్తకం చూపించి మరీ. ఆయన నవ్వి "ముక్క ఎప్పుడూ ఒకేలాగ ఉంటాదేటి గురూ, తిరుగుద్ది" అన్నాడు. నేను డబ్బుల ఆట మానేశాను. ఆయన ఇంకో అరుగు వెతుక్కున్నాడు. ఆ తల్లికి మాత్రం ఆ అంకె చెప్పలేదు. కిటికీ దగ్గర ఇంకో రెండుసార్లు కనిపించింది. తను అడగలేదు, నేను ఎత్తలేదు.

ఇప్పుడు కుర్రాడి సంగతి. బెంగుళూరులో ఉద్యోగం, మంచి చదువు. ఫోన్లో పోకర్ ఆడేవాడు. పోకర్ తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో: చేతిలో రెండు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. వాటిలోంచి మంచి అయిదు కూర్చుకోవాలి. ముక్క తెరిచిన ప్రతి దశలోనూ పందెం. రమ్మీలో స్కూటు ఒకటి రెండుసార్లు, ఇక్కడ ప్రతి దశలోనూ పడేయొచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచి అవతలివాణ్ణి పడేయించవచ్చు.

వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది ఆగస్టు చివర్లో. ఆ నెలలోనే కేంద్రం కొత్త చట్టం తెచ్చింది. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, నిషేధించారు. తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో ముందే మూశారు. యాప్ ఆగిపోయింది, కొడుకు మాత్రం నిద్రపోవడం లేదు, ఏదో అప్పు ఉందంటున్నాడు, చెప్పడం లేదు అని ఆవిడ గొడవ. "ఎంత పోయిందో కనుక్కుని చెప్పండన్నయ్యగారూ" అంది. ఆ వాక్యం వినగానే నాకు ముప్ఫై ఏళ్ల కిందటి కిటికీ గుర్తొచ్చింది.

కుర్రాడు దసరాకు వచ్చినప్పుడు మా ఇంటికి పిలిచాను. వాడు సిద్ధపడే వచ్చాడు. "మామయ్యగారూ, ఇది జూదం కాదు, నైపుణ్యం. రమ్మీ గురించి సుప్రీంకోర్టే చెప్పింది" అన్నాడు. ఆ తీర్పు నేనూ చదివాను. సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పెట్టిన కేసు, 1967 నవంబరులో తీర్పు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట, మూడుముక్కలాట లాంటిది కాదు అన్నారు జస్టిస్ హిదయతుల్లా. గార్డుగారి రెండు పాఠాలూ అందులో ఉన్నాయి! "ఆటలో నైపుణ్యం ఉందన్నారు నాయనా, నీలో ఉందనలేదు" అన్నాను. పైగా అది రమ్మీ సంగతి, పోకర్ సంగతి కాదు.

అప్పుడు అమెరికా కబుర్లు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే ఆయన వంద డాలర్లు కూడా పెట్టకుండా ఆన్‌లైన్ ఆట ద్వారా ప్రపంచ పోటీకి వెళ్లి 25 లక్షల డాలర్లు గెలిచాడట. ఆయన ఉద్యోగం అకౌంటెంటు. మన జాతే అని నాకూ కొంచెం ముచ్చటేసింది. మరియా కొన్నికోవా అనే రచయిత్రి, మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు, పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియకుండా మొదలుపెట్టి, ఎరిక్ సైడెల్ అనే దిగ్గజం దగ్గర నేర్చుకుని, 2018 జనవరిలో ఒక పోటీలో 84 వేల డాలర్లకు పైగా గెలిచిందట. "చూశారా, నేర్చుకుంటే వస్తుంది" అన్నాడు. మళ్లీ వెంటనే "నాకైతే మొదటి నెల నుంచే సహజంగా వచ్చింది, రెండు నెలలు వరసగా గెలిచాను" అన్నాడు. రెండు వాదనలూ ఒకే నోట.

నిజం చెప్పాలంటే వాడికి వచ్చు. అడిగి చూశాను. చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద తెరిచిన మూడింటిలో రెండు ఆఠీన్లు ఉంటే ఇంకో ఆఠీను పడే అవకాశం ఎంత అన్నాను. కనపడనివి 47, వాటిలో ఆఠీన్లు తొమ్మిది, ఇంకా రెండు ముక్కలు రావాలి, వందకు 35 సార్లు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నాకు కాగితం కావలసి వచ్చింది. బుర్ర ఉంది, చదువూ ఉంది. మరి ఏమైంది?

బ్యాంకు స్టేట్‌మెంటు తెరవమన్నాను. చాలాసేపు తెరవలేదు. టిఫిను తిన్నాక తెరిచాడు. పద్నాలుగు నెలలు. నేను టికెట్ల లెక్క చూసినట్టు గీతలు గీసుకుంటూ చూశాను. మొదటి రెండు నెలలు మిగులు, 31,000. అక్కడి నుంచి కిందికే. చివరకు 3,82,000 నష్టం. కాని నన్ను ఆపింది మొత్తం కాదు, వేళలు. ఒక శుక్రవారం రాత్రి: 11.40కి రెండు వేలు, 12.25కి అయిదు వేలు, 1.15కి పది వేలు, 2.50కి ఇరవై వేలు. అలాంటి రాత్రులు పద్నాలుగు నెలల్లో పంతొమ్మిది. ఆ పంతొమ్మిది రాత్రులు తీసేస్తే నష్టం లక్ష లోపే. ఆ లక్షలో చాలావరకు యాప్‌వాడు ప్రతి పందెం నుంచీ నూటికి నాలుగో అయిదో తీసుకున్నది. మా అరుగు మీద ఆ కోత లేదు. టీ డబ్బులు గెలిచినవాడు ఇచ్చేవాడు, అంతే.

"రాత్రి రెండున్నరకు ఆఠీన్ల లెక్క గుర్తుందా?" అన్నాను. మాట్లాడలేదు. మా పాత క్లర్కు ఎర్రబడిన చెవులు గుర్తొచ్చాయి.

తర్వాత మెల్లగా "మొదటి రెండు నెలలూ మరి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది, అంతకుముందు చదివిందే. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ల లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము నలుగురు గొప్ప పోకర్ ఆటగాళ్లతో పోటీ పడి గెలిచింది. అది తనతో తానే ఆడుకుని నేర్చుకుంది. ఏ తల్లి కడుపునా పుట్టలేదు, పుట్టుకతో తెచ్చుకున్నదేమీ లేదు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది వేరు. ఎవరు మేలో తేల్చడానికి వాళ్లు ఇరవై రోజులు 1,20,000 చేతులు ఆడించారు. అదృష్టం పాలు తగ్గించాలని ఒకే ముక్కలు ఇటువాళ్లకూ అటువాళ్లకూ తిప్పి పంచారు. అంత చేస్తే గాని తేలని సంగతిని మనవాడు రెండు నెలల్లో తేల్చేసుకున్నాడు. నేనూ అంతే. ఏడేళ్లు రాసి, మనిషి వారీగా కూడకుండా తేల్చుకున్నాను.

మన బరంపురం కుర్రాడు కాతులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాడు. 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి. ఆ రోజు బంగారం మా వెల్లూరు కుర్రాడు సతీష్ శివలింగానికి. నాకు ఇద్దరూ సొంతమే, ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియలేదు. ఆ ఆటలో ఒక సుఖం ఉంది. ఇనుము లేస్తుంది, లేదా లేవదు. పుట్టుక ఎంత, సాధన ఎంత అని తర్వాత తీరిగ్గా కొట్టుకోవచ్చు. పేక అలా చెప్పదు. చేతకానివాణ్ణి రెండు నెలలు గెలిపిస్తుంది, చేతనైనవాణ్ణి నాలుగు నెలలు ఓడిస్తుంది. ఏది ఏదో ముక్కలు చూసి చెప్పలేం, పుస్తకం చూసే చెప్పాలి.

ఆ సాయంత్రం వాణ్ణి వెంటపెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అంకె నేను చెప్పనని ముందే చెప్పాను. వాడే వాళ్లమ్మకు చెప్పాడు, మూడు లక్షల ఎనభై రెండు వేలు అని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. "ఇంకేం లేదు కదా?" అంది. వాడు ఇంకో నలభై వేలు స్నేహితుడి అప్పు చెప్పాడు. అది నాకూ చెప్పలేదు ఆ దొంగ!

ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇక్కడే ఉన్నాడు. ఆదివారాలు మా ఇంటికి వస్తున్నాడు. చింతపిక్కలు పెట్టుకుని పోకర్ నేర్పిస్తున్నాడు నాకు, మా ఆవిడకు. మొదటి వారం అరగంటకే "డబ్బు లేకపోతే ఏం మజా మామయ్యగారూ" అని లేచిపోయాడు. రెండో వారం గంట కూచున్నాడు. నేను లెక్క రాస్తున్నాను, మనిషి వారీగానే. మూడు వారాలకు మా ఆవిడ 212 పిక్కల మిగులులో ఉంది. పుట్టుకతో వచ్చిందంటోంది. 1,20,000 చేతులు అయ్యాక చూద్దామన్నాను.

నాలుగో మనిషి కావాలి. సాయంత్రం అయిదుకు. పిక్కలు మా ఇంట్లో ఉన్నాయి, పర్సులు ఇంట్లో పెట్టి రండి.